ఒకే చీరలో మూడు వయసులు

మధ్యాహ్నం పూట వీధిలో "పాత పట్టుచీరలు కొంటాం" అని కేక వినిపిస్తే, ఆ వచ్చినాయనకు కావలసింది చీర కాదు, పట్టు కూడా కాదు. అంచు మీద జరీని గోటితో గీకుతాడు. ఒక పోగు లాగి దాని లోపల ఏ రంగు ఉందో చూస్తాడు. బేరం కుదిరితే ఆ చీర చివరికి చేరేది నిప్పులోకే. పట్టు కాలి బూడిదైపోతుంది, వెండి మిగులుతుంది. వెండి కరగాలంటే 962 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. పట్టు మాడిపోవడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. ఆ తేడాయే ఆయన వ్యాపారం.

వినడానికి మనసు చివుక్కుమన్నా, చీరంటే ఏమిటో ఆయనకు తెలిసినంత చాలా ఇళ్ళలో తెలియదు. ధర్మవరమైనా, గద్వాలైనా, కంచి అయినా బీరువాలో ఉన్నంతసేపూ అది ఒకే వస్తువు. రసాయనశాస్త్రం లెక్కలో మాత్రం మూడు. పురుగు ఊసిన ప్రోటీను ఒకటి, దాని మధ్య నేసిన లోహం ఇంకొకటి, ఆ ప్రోటీనును పట్టుకుని వేలాడుతున్న రంగు మూడోది. ఈ మూడింటికీ ముసలితనం ఒకేసారి రాదు, ఒకే కారణంతోనూ రాదు. ఒకదానికి మంచి చేసే వైద్యం పక్కదానికి కీడు చేస్తుంది. ముప్ఫై ఏళ్ళ నాటి పెళ్ళిచీరను కూతురికి లాంగ్ ఫ్రాకుగానో, మనవరాలికి పరికిణీగానో మార్చాలనుకునేవాళ్ళు కత్తెర పట్టే ముందు తేల్చుకోవలసింది ఒక్కటే: ఈ చీరలో ముసలిదైంది ఏది?

పట్టుతోనే మొదలుపెడదాం. మల్బరీ ఆకు తినే పట్టుపురుగు ఒక్కో గూటికి దాదాపు కిలోమీటరు పొడవున పోగు తీస్తుంది. నిజానికి అవి రెండు సన్నని పోగులు, సెరిసిన్ అనే జిగురుతో అతుక్కుని ఉంటాయి. ముడిపట్టు బరువులో దాదాపు పావు వంతు ఈ జిగురే. సబ్బు, సోడా వేసిన నీళ్ళలో ఉడకబెట్టి దాన్ని తీసేస్తే మిగిలేది ఫైబ్రాయిన్. మనం పట్టు అని మురిసిపోయేది దీన్నే. దీని అడ్డుకోత గుండ్రంగా కాక ముక్కోణానికి దగ్గరగా ఉండటం వల్లే వెలుతురు తగిలినప్పుడు ఆ తళుకు. గ్లైసిన్, అలనిన్, సెరిన్ అనే చిన్న చిన్న అమైనో ఆమ్లాలు వరసగా చేరి, పొరలు పొరలుగా బిగుసుకుని కూర్చోవడం దాని బలం. ఆ బిగువు పొరల మధ్య అక్కడక్కడా వదులు భాగాలుంటాయి. టైరోసిన్, ట్రిప్టోఫాన్ లాంటి పెద్ద అమైనో ఆమ్లాలు ఉండేది అక్కడే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి ముందు వాటి మీదే పడతాయి. తెల్లపట్టు పసుపురంగుకు తిరగడం, పోగు పెళుసెక్కడం రెండూ ఈ దాడి ఫలితాలే.

పాత చీర పిగిలేది ఎక్కువగా మడత దగ్గర. తీగను ఒకేచోట పదే పదే వంచితే తెగినట్టు, ఇరవై ఏళ్ళు ఒకే మడతలో ఉన్న పోగు ఆ గీత మీదే అలిసిపోతుంది. జరీ ఉన్నచోట ఇంకా తొందరగా. లోహపు తీగ పట్టులా వంగదు, వంగిన చోట పక్కనున్న పట్టుపోగును కోస్తూ ఉంటుంది. దీనికి పొడిగాలి కూడా తోడవుతుంది. మామూలు గదిలో పట్టు తన బరువులో 11 శాతం దాకా తేమను దాచుకుంటుంది, దాని మెత్తదనంలో ఆ తేమకు వాటా ఉంది. పడమటి ఎండ కొట్టే గోడకు ఆనించిన ఇనప బీరువాలో వేసవంతా వేగిన చీర ఆ తేమ కోల్పోయి బిరుసెక్కుతుంది. అలాంటి చీరను తీసిన వెంటనే విదిలించకూడదు. ఒక పూట నీడన, నూలు దుప్పటి మీద పరిచి గది గాలి తగలనివ్వాలి. తర్వాతే పరీక్షలు.

పరీక్షకు పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. కిటికీకి అడ్డంగా పట్టుకుంటే నేత పలచబడ్డ చోట వెలుతురు చారలుగా కనిపిస్తుంది. చూడవలసిన చోట్లు కట్టుకునే తీరును బట్టే తెలుస్తాయి. మడమలు ఒరుసుకునే కింది అంచు. చెమట పట్టే నడుము భాగం. పిన్నులు గుచ్చిన భుజం, కుచ్చిళ్ళ పైభాగం. కొంగు మీద నిలువు మడతలు. అనుమానం వచ్చిన చోట రెండు బొటనవేళ్ళతో పట్టి, పడుగు వైపు ఒకసారి, పేక వైపు ఒకసారి మెల్లగా సాగదీయాలి. చిరచిరమని చిన్న చప్పుడు వచ్చినా, పోగులు ఎడమైనా ఆ భాగం కుట్టుకు పనికిరాదు. ఇక చీరలో అందరికంటే పడుచుది ఎవరూ చూడనిది: కట్టుకునేటప్పుడు మొదట దోపుకునే లోపలి చెంగు. ఆ కొసన దోపుడు అంచు చెమటకు నలిగినా, మిగతా బట్టకు ఎండ తగలదు, పిన్ను పడదు, బండి మీద కూర్చున్నప్పుడు రాపిడి ఉండదు. అతుకులకు, చేతులకు, మెడపట్టీకి బట్ట కావాలంటే అక్కడి నుంచే తీసుకోవాలి. కొంగు మీది పనితనం చూసి ముందు దాన్నే కోసేసేవాళ్ళు చీరలో బాగా అలిసిన ముక్కను ఎంచుకుంటున్నారన్నమాట.

ఇక జరీ. అసలైన జరీకి నడుమ పట్టు పోగు ఉంటుంది, సాధారణంగా ఎరుపో పసుపో అద్దినది. దాని చుట్టూ రేకులా చదును చేసిన సన్నని వెండి తీగ. దాని మీద బంగారు పూత. పేరుకు బంగారు జరీ గానీ, బరువులో బంగారం వాటా ఒక శాతం కూడా ఉండదు. దేశంలో జరీకి పెద్ద కేంద్రం సూరత్. మన మగ్గాలకు వచ్చే జరీలో చాలా భాగం అక్కడిదే. చవకరకంలో వెండికి బదులు రాగి తీగ, దాని మీద వెండి పూత ఉంటుంది. ఇంకా చవకదాంట్లో లోహమే నామమాత్రం, మెరిసే పూత వేసిన పాలియెస్టర్ పొర అంతే. వీధిలో చీరలు కొనే ఆయన పోగు లాగి చూసేది ఇందుకే. లోపల ఎర్రపట్టు కనిపిస్తే సంతోషం, రాగి ఎరుపు కనిపిస్తే బేరం తగ్గుతుంది, తెల్లటి ప్లాస్టిక్ మెరుపు కనిపిస్తే ముందు వీధికి పోతాడు.

వెండి నల్లబడేది తుప్పు పట్టి కాదు, గంధకం పట్టి. గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలితే వెండి మీద సిల్వర్ సల్ఫైడ్ అనే నల్లని పొర ఏర్పడుతుంది. మురుగు కాలువ వాసన ఈ వాయువుదే. ఆ వాయువు ఇంట్లోనూ పుడుతుంది. చీర కట్టకు వేసిన రబ్బరు బ్యాండు, పక్కనే పెట్టిన ఉన్ని శాలువా కూడా గంధకం వదులుతాయి. రాగి జరీ అయితే తేమకు, చెమటకు పచ్చగా చిలుము పడుతుంది. ఇక్కడే ఇళ్ళలో అసలు ఘోరం జరుగుతుంది. రాగి చెంబు తోమిన చింతపండు, వెండి కుంది తోమిన టూత్‌పేస్టు జరీ మీద కూడా పనిచేస్తాయని ఎవరో చెబుతారు. పనిచేస్తాయి, ఒక్కసారి. టూత్‌పేస్టులో ఉన్న సన్నని రాపిడి పొడి నలుపుతో పాటు మైక్రాన్‌లో చిన్న వంతు మందం ఉన్న బంగారు పూతను కూడా గీకేస్తుంది. ఆ క్షణం తళతళలాడిన జరీ, కాపు పోయిన వెండిగా మిగిలి ఆరు నెలల్లో మునుపటికంటే నల్లగా తేలుతుంది. పొడి మెత్తని బ్రష్షుతో దుమ్ము దులపడం, తర్వాత తెల్ల మల్లుగుడ్డతో అద్దడం: ఇంట్లో జరీకి చేయగలిగిన సేవ ఇంతే. మిగతా నలుపును పాతదనంగా ఒప్పుకోవడం మేలు. ఆ మాత్రం మసక జరీకి అందమేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

రంగు సంగతి ఇంకా చిత్రం. 1856లో విలియం పెర్కిన్ అనే పద్ధెనిమిదేళ్ళ కుర్రాడు లండన్‌లో కృత్రిమంగా ఊదారంగు తయారుచేసినప్పుడు, అది చక్కగా అంటుకున్నది పట్టుకే. ఈ కాలపు పట్టుకు ఎక్కువగా వాడేవి ఆమ్ల రంగులు. పట్టులోని ప్రోటీనుకు ఆమ్ల వాతావరణంలో ధన విద్యుదావేశం వస్తుంది, రంగు అణువుకు ఋణావేశం ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. క్షారం తగిలితే ఆ ధనావేశం పోతుంది, పట్టు చేయి వదిలేస్తుంది, రంగు నీళ్ళలోకి దిగిపోతుంది. బట్టల సబ్బు, వాషింగ్ పౌడరు చాలావరకు క్షారాలే. ఎర్రచీర బకెట్టులో పడగానే నీళ్ళు ఎర్రబడటానికి నేతవాడి మోసమే కారణం కానక్కర్లేదు.

ఎండ రంగును తినే పద్ధతి వేరు. అక్కడ కట్టు సడలడం కాదు, రంగు అణువే విరిగిపోతుంది. మ్యూజియంలలో పాత వస్త్రాల మీద పడే వెలుతురు 50 లక్స్ దాటకుండా చూస్తారు. మన మిట్టమధ్యాహ్నపు డాబా మీద వెలుతురు లక్ష లక్స్ దాకా ఉంటుంది. ముక్కవాసన పోవాలని పట్టుచీరను డాబా మీద ఆరేసే అలవాటు ఒక్క పూటలో చేసే పని ఇంతింత కాదు.

రంగు ఇలా విరిగిపోవడాన్ని కళ్ళారా చూడాలంటే పాత పట్టు లంగా టక్కు విప్పాలి. ఆడపిల్ల ఏటా ఎదుగుతుందని లంగా కింద రెండు మూడు టక్కులు పెట్టి కుట్టించడం మనకు అలవాటే కదా. పొడవు చాలనప్పుడు ఒకటి విప్పుతారు. లోపలి నుంచి బయటపడే పట్టీ దుకాణంలో కొన్ననాటి చిలకపచ్చ, పైనా కిందా ఉన్నది ఎండాకు పచ్చ. మధ్యలో కుట్టు చిల్లుల వరస, మడత కొసన మురికి గీత. ఒకే బట్ట, ఒకే అద్దకం. తేడా అంతా వెలుతురు చూడటం, చూడకపోవడమే. ఆ తేడాను మాపే ఉపాయం ఇంట్లో లేదు. మళ్ళీ రంగు వేయిద్దామంటే వెలిసిన పట్టు ఒకలా, వెలవని పట్టు ఒకలా రంగు పీలుస్తాయి, చారలు అలాగే తేలతాయి. పైగా అద్దకపు వేడినీళ్ళు జరీకి పడవు. సన్నని అంచుపట్టీనో, గొలుసుకుట్టు వరసనో సరిగ్గా ఆ గీత మీద వేసి దాన్ని డిజైనుగా మార్చేయడమే తెలివైన పని. పోచంపల్లి ఇక్కత్ అయితే ఇంకో వెసులుబాటు ఉంది. నేయకముందే పోగులకు రంగు కట్టడం వల్ల దాని రెండు ముఖాలూ దాదాపు ఒకేలా ఉంటాయి. వెలిసిన ముఖాన్ని లోపలికి తిప్పి కుట్టుకోవచ్చు. బుటాలు నేసిన చీరకు ఆ సౌకర్యం లేదు, వెనకవైపు పోగులు వేలాడుతుంటాయి.

పెళ్ళిచీరల్లో తప్పకుండా కనిపించే మరక మరొకటుంది, మనమే కావాలని పెట్టేది. కొత్తబట్టకు కొసన పెట్టిన పసుపు. ఏళ్ళ తర్వాత దాన్ని సబ్బుతో రుద్దితే భగ్గుమని ఎర్రగా మారుతుంది, ఉతికేవాళ్ళు హడలిపోతారు. పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది, ఆమ్లం తగిలితే మళ్ళీ పసుపవుతుంది. పసుపులో సున్నం కలిపి కుంకుమ చేసేది ఈ గుణంతోనే. నీళ్ళు కలిపిన వెనిగర్ చుక్క వేస్తే ఎరుపు తిరిగి పసుపవుతుంది గానీ మరక పోదు. కర్కుమిన్‌ను విరిచేది ఎండే. నూలు మధుపర్కాల మీద పసుపును అలా పోగొట్టుకోవచ్చు. పట్టు మీద మాత్రం మరకతో పాటు అసలు రంగు కూడా పోతుంది కాబట్టి, ఆ కొసను మడతలోకి కలిపేయడమే దారి.

"డ్రైక్లీనింగ్‌కి ఇస్తే సరి" అనేది ఇంకో నమ్మకం. డ్రైక్లీనింగ్‌లో నీళ్ళు ఉండవు, పెట్రోలియం రకమో, పెర్‌క్లోరోఇథిలీన్ లాంటిదో ద్రావకం ఉంటుంది. నూనె, నెయ్యి, లిప్‌స్టిక్ అందులో కరుగుతాయి. చెమటలోని ఉప్పు, పాయసంలోని చక్కెర కరగవు, వాటికి నీళ్ళే కావాలి. శుభ్రంగా వచ్చిందనుకుని లోపల పెట్టిన చీర మీద ఏడాది తిరిగేసరికి గోధుమరంగు మచ్చలు తేలడానికి కారణం ఇదే. చక్కెర మెల్లగా రంగు తిరుగుతుంది. చెమట మొదట ఆమ్లంగా ఉన్నా, సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొట్టే కొద్దీ క్షారంగా మారుతుంది, పట్టును లోపల్నుంచి తింటుంది. చెమట వాసన ఆపే స్ప్రేల్లో ఉండే అల్యూమినియం లవణాలు కూడా తక్కువేం కాదు. పట్టు జాకెట్టు ముందుగా చివికేది చంకలోనే. ఇక దుకాణంవాళ్ళు చేసే రోలింగ్ సంగతి: అది బిగువు, మెరుపు ఇస్తుంది, వయసు తగ్గించదు. జిగురు చల్లి వేడి రోలర్ల మధ్య నొక్కిన చీర మీద ఆ తర్వాత నీటిచుక్క పడితే, ఆ జిగురు కరిగి అంచులకు చేరి గుండ్రటి మరక కడుతుంది.

అంటే నీళ్ళలో తడపవచ్చా? కొన్నింటిని, కొంత జాగ్రత్తతో. ముందు ఫాల్ విప్పేయాలి. దాని రంగు దిగినా, అది కుంచించుకున్నా అంచంతా ముడతలు పడుతుంది. తర్వాత కనిపించని చోట, ప్రతి రంగు మీదా విడివిడిగా, తడి తెల్లగుడ్డను నిమిషం పాటు నొక్కిపెట్టాలి. గుడ్డకు రంగు అంటితే అక్కడితో ఆగిపోవాలి. అంటకపోతే కుంకుడుకాయలున్నాయి. వాటి నురుగుకు కారణం సాపోనిన్లు. మురికిని పట్టుకుంటాయి, పైగా ఆ రసం కొద్దిగా ఆమ్లం వైపే ఉంటుంది కాబట్టి పట్టుకూ రంగుకూ అనుకూలం. గింజలు తీసి నానబెట్టి, పలచటి గుడ్డలో వడకట్టి వాడాలి. లేత రంగుల మీద మాత్రం అది తన గోధుమ ఛాయను వదిలిపోతుంది. మార్కెట్లో దొరికే ఎంజైముల డిటర్జెంట్లు అసలు వద్దు. గుడ్డు, పాల మరకలను తినడానికి వాటిలో ప్రోటీనును కోసే ఎంజైము కలుపుతారు, పట్టు కూడా ప్రోటీనేనని దానికి చెప్పేవాళ్ళుండరు. క్లోరిన్ బ్లీచింగ్ అయితే పట్టును పాడుచేయడం కాదు, కరిగించేస్తుంది.

ఆఖరున ఒక బకెట్టు నీళ్ళలో రెండు మూడు చెంచాల తెల్ల వెనిగర్ కలిపి జాడిస్తే మిగిలిన క్షారం విరిగి పట్టుకు నిగారింపు వస్తుంది. అద్దకం పనివాళ్ళకు ఇది పాత విద్యే. కొత్త పట్టు నడుస్తుంటే వినిపించే ఆ గరగర చప్పుడు పట్టు సహజగుణం కాదు, చివర్లో పలచటి ఆమ్లంలో ముంచి తీసినందుకు పోగులు ఒకదానితో ఒకటి రాసుకుని చేసేది. అయితే ఇక్కడే మూడు వయసుల తగువు మళ్ళీ వస్తుంది. పట్టుకు, రంగుకు నచ్చిన ఆ ఆమ్లం రాగి కలిసిన జరీకి పడదు. అంచు నిండా జరీ ఉన్న చీరకు వెనిగర్ మాట తలపెట్టకపోవడమే మంచిది. తడి పట్టుకు బలం పది ఇరవై శాతం తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. కాబట్టి కొసలు పట్టి పైకెత్తకూడదు, పిండకూడదు. రెండు చేతులా కింద నుంచి ఎత్తి, తువ్వాల్లో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టాలి. ఇస్త్రీ తిరగేసి, మీద నూలుగుడ్డ వేసి. పాలియెస్టర్ జరీకి వేడి తగ్గించకపోతే అది ముడుచుకుపోయి చుట్టూ ఉన్న పట్టును కూడా లాగేస్తుంది.

ఇప్పుడు కత్తెర. చీర కట్టినప్పుడు దాని మీద కుట్టు భారం ఉండదు. కూర్చుంటే కుచ్చిళ్ళు విచ్చుకుంటాయి, చేయెత్తితే కొంగు జరుగుతుంది. లాగుడు అయిదున్నర మీటర్ల బట్ట మీద పరుచుకుపోతుంది. అదే బట్టను ఒంటికి పట్టేలా డ్రెస్సుగా కుడితే ఆ లాగుడంతా సూది నడిచిన ఒక్క గీత మీదికి వస్తుంది. నున్నటి పట్టుపోగుల మధ్య రాపిడి తక్కువ. దాంతో పక్క కుట్టు దగ్గర ఉన్న నిలువు పోగులు, అంటే అంచు కిందికి వచ్చేలా కుట్టినప్పుడు నిలువుగా నిలిచే పేక పోగులు, పడుగు మీద జారి పక్కకు తప్పుకుంటాయి. దారం తెగదు, బట్ట చిరగదు, కానీ కుట్టు పక్కన వెడల్పాటి సందు తెరుచుకుంటుంది. పట్టుచీర డ్రెస్సు రెండోసారి వేసుకున్నప్పుడే తుంటి దగ్గర, వీపు దగ్గర విచ్చుకుపోయిందంటే తప్పు టైలరు దారానిది కాదు, ఈ జారుడుది. వస్త్ర ప్రయోగశాలల్లో దీనికి ప్రత్యేక పరీక్షే ఉంది. కుట్టు దగ్గర సందు ఇంత వెడల్పు, సాధారణంగా 6 మిల్లీమీటర్లు, తెరుచుకోవడానికి ఎంత బలం కావాలో కొలుస్తారు. చేతికొచ్చిన పాత పట్టుకు ఆ పరీక్ష ఎవరూ చేయరు కాబట్టి, అది తప్పుతుందన్న లెక్కతోనే కుట్టడం క్షేమం.

అందుకు లైనింగే పెద్ద దిక్కు. చాలామంది లైనింగును ఒళ్ళు కనిపించకుండా వేసేదనుకుంటారు. పాత పట్టుకు అది మోసే బట్ట. పట్టు కంటే లైనింగును అర అంగుళం బిగుతుగా కోస్తే, కూర్చున్నప్పుడు లాగుడు ముందు దానిమీద పడుతుంది, పైనున్న పట్టు తీరుబడిగా ఉంటుంది. దీనికి నూలు బట్టే కావాలి, అదీ ముందే తడిపి ఆరబెట్టినది. ఉతకని నూలు మొదటి తడుపుకు మీటరుకు మూడు నుంచి అయిదు సెంటీమీటర్లు కుంచించుకోవచ్చు, పట్టు అంత కుంచించుకోదు. మార్జిన్ అర అంగుళం కాదు, అంగుళం వదలాలి. మిషను సూది 16వ నంబరుది తీసేసి 9వ నంబరుదో 11వ నంబరుదో, కొత్తది పెట్టాలి. మొద్దుబారిన సూది పోగును పక్కకు నెట్టదు, తెంపుతుంది. తెగిన పోగు వదిలిన చిల్లు ఎంత ఇస్త్రీ చేసినా పూడదు. దారం విషయంలో చాలామంది గట్టిది కావాలంటారు, అక్కడే పొరపాటు. పాలియెస్టర్ దారం పాత పట్టుకంటే బలమైనది. లాగుడు వచ్చినప్పుడు అది తెగదు, బట్టను కోస్తుంది. బట్ట కంటే దారం బలహీనంగా ఉండాలి. సన్నని నూలు దారం తెగితే పది నిమిషాల్లో మళ్ళీ కుట్టుకోవచ్చు.

పాత జాకెట్టు కుట్లు విప్పడం ఒక ఓపిక పని. టైలర్లు ముందుచూపుతో లోపల మూడు నాలుగు వరసలు వేసి ఉంచుతారు, అమ్మ జాకెట్టు అమ్మాయికి సరిపోయేది ఆ వరసల దయవల్లే. బ్లేడుతో గీరితే బట్టే తెగుతుంది. ఒకవైపు దారాన్ని ప్రతి నాలుగో కుట్టు దగ్గర చిన్న కత్తెరతో తుంచి, తిప్పి రెండో వైపు దారాన్ని లాగితే బట్ట మీద భారం పడకుండా పొడుగ్గా ఊడి వస్తుంది. ఇంకా చాలకపోతే చంక కింద నలుచదరపు ముక్కను ఏటవాలుగా వేస్తే చేయి ఎత్తడానికి వీలవుతుంది. క్రాస్ కటింగ్ జాకెట్టు ఒంటికి అంత చక్కగా అమరేదీ ఈ కారణంతోనే. పడుగు, పేక దేని దిశలో లాగినా పోగు సాగాలి. మూలగా లాగితే పోగు సాగనక్కర్లేదు, పోగుల మధ్య కోణం మారితే చాలు.

గద్వాల చీరను మార్చేవాళ్ళకు ఇంకో లెక్క ఉంది. అందులో సంప్రదాయ రకానికి ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. పేక పోగులను ఒకదానిలో ఒకటి మెలేసి రెండు భాగాలనూ మగ్గం మీదే కలుపుతారు. అంచును కోసి వేరే బట్టకు వేయాలనుకుంటే సరిగ్గా ఆ కలయిక మీద కోయకూడదు, మెలికలు ఊడి అంచు విడిపోతుంది. ఒంటి వైపు అర అంగుళం వదిలి కోసి, ఆ అర అంగుళాన్ని లోపలికి మడవాలి.

మరీ చివికిన చీరకు టైలర్లు చెప్పే ఉపాయం వెనక ఫ్యూజింగ్ అతికించడం. చూడటానికి బాగుంటుంది. కానీ ఇస్త్రీ వేడికి కరిగిన ఆ జిగురు పోగుల్లోకి దిగి ఇక రాదు, కాలం గడిస్తే గట్టిపడి పట్టునే విరుస్తుంది. మ్యూజియంలలో పనిచేసేవాళ్ళు పిగిలిన పట్టు కింద సరిపడే బట్ట పరిచి, వదులుగా ఉన్న పోగుల మీద సన్నని పట్టుదారాన్ని అడ్డంగా పరిచి, దాన్ని చిన్న కుట్లతో కింది బట్టకు పట్టిస్తారు. కుట్టు చిరిగిన పట్టును లాగదు, దాని మీదుగా పోతుంది. పాత నూలుచీరలతో బొంత కుట్టినవాళ్ళకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. పరికిణీకి పనికిరాని కొంగును ఇలా నూలు మీద పరిచి కుడితే గోడకు వేలాడదీసుకోవచ్చు, కిటికీకి ఎదురుగా కాకుండా.

మిగిలిన ముక్కలు మళ్ళీ బీరువాలోకే పోతాయి. ప్లాస్టిక్ కవరు తేమను బంధించి బూజు పట్టిస్తుంది, విశాఖ, కాకినాడ లాంటి చోట్ల మరీను. ఉతికిన పాత నూలుగుడ్డలో చుట్టడం చాలు. గంజి పెట్టి దాచకూడదు, గంజి సిల్వర్‌ఫిష్ పురుగుకు తిండి. నాలుగైదు నెలలకోసారి మడత గీత మార్చాలి.

కలరా ఉండల గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. అవి నాఫ్తలీన్. కరగకుండానే ఆవిరై బట్టల్లోకి ఇంకుతుంది. కొందరికి పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది, మగపిల్లల్లో ఈ లోపం ఎక్కువగా బయటపడుతుంది. అలాంటి పసిబిడ్డకు నాఫ్తలీన్ తగిలితే ఎర్ర రక్తకణాలు చిట్లి కామెర్లు ముదురుతాయి. బీరువాలోంచి తీసిన బట్టల్లో చుట్టడం వల్ల బిడ్డలకు ఇలా జరిగిన ఉదంతాలు వైద్యగ్రంథాల్లో ఉన్నాయి. బారసాలకు అమ్మమ్మ పట్టుచీరలో బిడ్డను చుట్టి ఒళ్ళో పెట్టుకోవడం మన ఇళ్ళలో ముచ్చటే. కలరా ఉండల వాసన వేస్తున్న చీరను, దానితో కుట్టిన గౌనును నెలల బిడ్డకు దగ్గరకు రానివ్వకూడదు. ఒక పూట గాలికి ఆరేస్తే సరిపోదు. ఆ వాసన పూర్తిగా పోయేదాకా, ఉతికే వీలుంటే ఉతికి, రోజుల తరబడి నీడలో గాలాడనివ్వాలి. అప్పటిదాకా బిడ్డకు మెత్తటి పాత నూలుచీరే మేలు.